స్మార్ట్ కీ, గ్లవ్ బాక్స్, డిక్కీ: బటన్ స్టార్ట్ కార్ల సందేహాలు ఇక్కడే

తెనాలి తాళం

మీటర్‌లో 'కీ దొరకలేదు' అని చూపించి బండి స్టార్ట్ కాకపోతే చాలామంది ముందు చేసేది టోయింగ్‌కి ఫోన్ కొట్టడం. తొందరపడకండి. స్మార్ట్ కీలో రెండు వేరువేరు ఏర్పాట్లుంటాయి. లాక్, అన్‌లాక్ బటన్లు, కీ జేబులో ఉండగానే డోర్ తెరుచుకోవడం ఇవన్నీ లోపలి సెల్ మీద నడుస్తాయి. ఇమ్మొబిలైజర్ చిప్‌కి (సరైన కీ ఉంటేనే ఇంజిన్‌ని స్టార్ట్ కానిచ్చేది) సెల్ అక్కర్లేదు. బాగా దగ్గర పెడితే కారులోని కాయిల్ నుంచే దానికి కావాల్సిన కరెంటు అందుతుంది. కాబట్టి సెల్ పూర్తిగా చచ్చినా కారు స్టార్ట్ అవుతుంది.

కీ పక్కనున్న చిన్న మీట జరిపి లోపలి ఇనుప తాళంచెవి బయటికి లాగండి. డ్రైవర్ డోర్‌కి తాళం కన్నం కనబడకపోతే హ్యాండిల్ చివర ప్లాస్టిక్ మూత కింద దాక్కుని ఉంటుంది. హ్యాండిల్ లాగి పట్టుకుని, మూత అడుగున ఉన్న సందులో చెవి మొన పెట్టి నెమ్మదిగా లేపితే ఊడుతుంది. ఇలా తెరిస్తే అలారం మోగొచ్చు. మోగనివ్వండి, కారు కీని గుర్తుపట్టాక ఆగుతుంది. లోపల కూర్చుని బ్రేక్ తొక్కి (మాన్యువల్ గేర్ అయితే క్లచ్) కీని స్టార్ట్ బటన్‌కి ఆనించండి. టయోటాలో లోగో ఉన్న వైపు ఆనించాలి, చప్పుడు వచ్చాక బటన్ నొక్కాలి. హ్యుందాయ్, కియాల్లో వేలితో కాదు, కీతోనే బటన్‌ను నొక్కాలి. కొన్ని కార్లలో ఈ చోటు స్టీరింగ్ కాలమ్ పక్కన ఉంటుంది, కొన్నిటిలో కప్ హోల్డర్‌లో. మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. అవసరమైనప్పుడు మాన్యువల్ ఎలాగూ లాకైన కారులోపలే ఉంటుంది కదా.

పన్నెండు వోల్టులు

తెనాలి గారు చెప్పింది కీ సెల్ పోయినప్పటి సంగతి. కారు బ్యాటరీ పోయినా జనం కీనే అనుమానిస్తారు. తేడా ఇలా తెలుస్తుంది: లోపలి లైటు ధగధగా వెలుగుతూ 'కీ దొరకలేదు' అంటే తప్పు కీ సెల్‌ది. కీ బటన్ నొక్కితే దాని మీది ఎర్ర లైటు వెలుగుతోంది, కారులో లైటు మాత్రం గుడ్డిగా ఉంది, స్టార్ట్ బటన్ నొక్కితే టకటకా చప్పుడు తప్ప ఏమీ లేదు అంటే పోయింది 12 వోల్టుల బ్యాటరీ. అప్పుడు కీని ఎన్నిసార్లు ఆనించినా లాభం లేదు, జంప్ స్టార్ట్ (ఇంకో కారు బ్యాటరీకి కేబుల్ కలిపి స్టార్ట్ చేయడం) చేయాల్సిందే.

సెల్ సంగతి: ఎక్కువ స్మార్ట్ కీలలో సీఆర్ 2032 ఉంటుంది. కొన్ని ఫ్లిప్ కీలలో సీఆర్ 2025 లేదా సీఆర్ 2016. మొదటి రెండంకెలు వ్యాసం (20 మి.మీ.), తర్వాతివి మందం (3.2, 2.5, 1.6 మి.మీ.). మూడూ 3 వోల్టులవే కదా అని 2032 చోట 2025 వేస్తే మొదట పనిచేస్తుంది, కీ ఒకసారి కింద పడగానే కాంటాక్టు పోతుంది. 2025 చోట 2032 కుక్కితే రేకు వంగి, తర్వాత సరైన సెల్ వేసినా అంటదు. పాత సెల్ మీద ఉన్న నంబరు చూసి అదే కొనండి.

కీ విప్పేటప్పుడు స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి, ఇనుప చెవి తీసిన గాడిలో పెట్టి తిప్పితే రెండు డిప్పలూ విడిపోతాయి. ప్లస్ గుర్తు ఎటువైపు ఉందో సెల్ తీయకముందే చూసుకోండి. కొత్త సెల్‌ని అంచులు పట్టుకుని వేయాలి, వేళ్ల జిడ్డు కాంటాక్టుకి మంచిది కాదు.

పాత సెల్ టీపాయ్ మీద వదిలేయకండి. పసిపిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే తీవ్రంగా కాలుస్తుంది. వాంతి చేయించే ప్రయత్నం వద్దు, నేరుగా ఆస్పత్రికి.

కొత్త ఆర్సీ

నిన్ననే కొత్త సెల్ వేశాను అండి, మంచి కంపెనీదే. అయినా కారు పక్కకి వచ్చి నొక్కితే గానీ పనిచేయట్లేదు. కీ పోయినట్టేనా?

పన్నెండు వోల్టులు

@కొత్త ఆర్సీ: పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన సెల్ అయ్యుండొచ్చు. కొన్ని కీల కాంటాక్టు సరిగ్గా ఆ పూత ఉన్న చోటే ఆనుతుంది, కరెంటు సరిగా అందదు. పూత లేని సెల్ వేసి చూడండి. కాంటాక్టు రేకు పచ్చగా చిలుము పట్టి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది తడిపి తుడిచి, ఆరాక సెల్ వేయండి.

అదీ కాకపోతే చోటు మార్చి చూడండి. మన దేశంలో కార్ రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. పెద్ద ట్రాన్స్‌మిటర్ల పక్కన పార్క్ చేస్తే రేంజ్ పడిపోతుంది. వేరే వీధిలో బాగా పనిచేస్తే కీలో తప్పు లేదు.

ఎగ్జిట్ 16

సెల్ తొందరగా అయిపోతున్నదంటే కీ ఎక్కడ పెడుతున్నరో సూడాలె అన్నా. టీవీ పక్కన, ల్యాప్‌టాప్ మీద, ఫోన్ ఛార్జర్ కాడ పెడితే కీ ఊరికే మేల్కొని సెల్ తింటది. ఒక మీటరన్న దూరం ఉండాలె. కారు పక్కనే గోడకి మేకు కొట్టి కీ తగిలిచ్చినా గంతే, కారూ కీ మాట్లాడుకుంటనే ఉంటయి.

టయోటా స్మార్ట్ కీలో సెల్ ఆదా చేసే పద్ధతి ఉన్నది. లాక్ బటన్ నొక్కి పట్టుకోని అన్‌లాక్ రెండుసార్లు నొక్కాలె. కీ మీది లైటు నాలుగుసార్లు మెరిస్తే కీ నిద్రపోయినట్టు. ఏదన్న బటన్ నొక్కితే లేస్తది. వాడకుండ పెట్టిన రెండో కీకి ఇది మంచిగ పనికొస్తది.

వైర్‌లెస్ ఛార్జింగ్ ప్యాడ్ మీద మాత్రం కీ పెట్టొద్దు. కారు కీని గుర్తుపట్టదు. ఫోన్‌కి ప్యాడ్‌కి మధ్య నాణెం దొరికితే వేడెక్కుతది.

డిక్కీ డాక్టర్

కీ డిక్కీలో పెట్టి మూసేస్తే కారే బీప్ కొట్టి తెరుస్తుందన్న నమ్మకం చాలామందికి ఉంది. మామూలుగా అయితే నిజమే. కానీ కీ స్టీలు క్యారియర్ వెనకో, అల్యూమినియం రేకు పొర ఉన్న కూల్ బ్యాగులోనో పడితే యాంటెన్నాకి కనబడదు, డిక్కీ నిక్షేపంగా లాకైపోతుంది. డాష్‌బోర్డు మీద, డోర్ అరలో, గ్లవ్ బాక్స్‌లో పెట్టిన కీ కూడా కొన్నిసార్లు కారుకి దొరకదు. కారులో ఉన్నంతసేపూ కీకి జేబే సరైన చోటు.

దీనికి రెండో వైపు ఉంది. ఇంజిన్ నడుస్తుండగా కీ కారు దిగి వెళ్లిపోయినా ఇంజిన్ ఆగదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఇంట్లోవాళ్లని దింపుతారు, కీ వాళ్ల హ్యాండ్‌బ్యాగులో కాజీపేట దాకా పోతుంది. కారు బీప్ కొడుతుంది, మీటర్‌లో చెబుతుంది, ఆ హారన్ల గోలలో ఎవరికి వినపడుతుంది? తెలియగానే చేయాల్సింది ఒక్కటే: ఇంజిన్ ఆపకుండా రెండో కీ ఉన్న చోటికి నడపడం. మధ్యలో పెట్రోలుకి ఆపారంటే అక్కడే ఆగిపోతారు.

తెనాలి తాళం

రెండో కీ అన్నారు కాబట్టి: దాన్ని కారులోనే దాచేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. కారు దొంగతనమైతే ఇన్సూరెన్స్ వాళ్లు రెండు కీలూ అడుగుతారు, ఒకటే ఇస్తే క్లెయిమ్‌లో చిక్కులు మొదలు. కీలతో పాటు నంబరు చెక్కిన చిన్న బిళ్ల ఇస్తే అది ఇంట్లో కాగితాలతో భద్రపరచండి. ఇనుప చెవి కోయడానికి ఆ నంబరే ఆధారం. ఒక కీ పోతే పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, ఇన్సూరెన్స్‌కి తెలియజేసి, మిగిలిన కీని కూడా షోరూమ్‌కి తీసుకెళ్లాలి. పోయిన కీని కారు మెమరీలోంచి చెరిపించమని నోరు తెరిచి అడగండి. చాలా కార్లలో కొత్త కీ నమోదు చేసేటప్పుడు పాతవన్నీ చెరిగిపోతాయి, అప్పుడు చేతిలో లేని కీ తర్వాత దొరికినా మళ్లీ ప్రోగ్రామింగ్ చేయించాల్సిందే.

గుంటూరు గేరు

కీల గోల అయిందా, గ్లవ్ బాక్స్‌కి వద్దాం. కూల్డ్ గ్లవ్ బాక్స్ అంటే ఫ్రిజ్ కాదు. ఏసీ గాలి కొంచెం అందులోకి మళ్లిస్తారు, అంతే. లోపల గుండ్రటి మూతో, జరిపే మీటో ఉంటుంది, అది తెరిస్తేనే గాలి వస్తుంది. చల్లటి నీళ్లని చల్లగా ఉంచుతుంది, వేడి నీళ్లని చల్లబరచడానికి గంటలు పడుతుంది. వానాకాలం ఆ మూత వేసేయండి, లేకపోతే తేమకి కాగితాలు మెత్తబడతాయి. ఆర్సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో చూపిస్తే చెల్లుతాయని కేంద్ర రవాణా శాఖ 2018లోనే చెప్పింది, ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచొచ్చు.

ఏసీ గాలి తగ్గిందా, దుమ్ము వాసనా? చాలా మారుతి, హ్యుందాయ్ కార్లలో క్యాబిన్ ఫిల్టర్ గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది. బాక్స్ ఖాళీ చేయండి. కుడిపక్కనో ఎడమపక్కనో ఒక దారమో, సన్నటి ప్లాస్టిక్ పుల్లో ఉంటే ముందు అది తప్పించండి. ఇది మర్చిపోయి లాగితే అదే విరుగుతుంది, ఆ తర్వాత మూత ధబేల్మని మోకాళ్ల మీద పడుతుంటుంది. రెండు పక్కల గోడల్ని లోపలికి నొక్కితే స్టాపర్లు తప్పుకుని బాక్స్ కిందికి వేలాడుతుంది. వెనక పొడుగాటి మూత క్లిప్పులు నొక్కి తీసి, ఫిల్టర్ సొరుగులా లాగండి. కొత్తది పెట్టేటప్పుడు గాలి బాణం గుర్తు పాతది ఎటు చూపించిందో అటే ఉండాలి. 10 వేల కి.మీ.కి ఒకసారి తీసి చూడండి. మట్టిరోడ్ల మీద తిరిగే బండి అయితే ఇంకా ముందే.

కొత్త ఆర్సీ

థాంక్స్ అండి, పూత సెల్లే కారణం. ఇంకో ప్రశ్న: ఛార్జింగ్ సాకెట్ ఉన్నట్టుండి చచ్చిపోయింది. మిగతావన్నీ పనిచేస్తున్నాయి.

పన్నెండు వోల్టులు

సాకెట్‌లోకి టార్చ్ వేసి చూడండి, రూపాయి బిళ్ల కనబడొచ్చు. గేర్ ముందున్న అరలో చిల్లర వేస్తే అది దొర్లి మూతలేని సాకెట్‌లో పడి షార్టవుతుంది, ఫ్యూజ్ పోతుంది. ముందు కారు ఆపి, ప్లాస్టిక్ పుల్లతోనో చెక్క పుల్లతోనో నాణెం తీయండి. ఫ్యూజ్ పెట్టె సాధారణంగా స్టీరింగ్ కింద కుడి మోకాలి దగ్గర ఉంటుంది, ఏ ఫ్యూజ్ దేనిదో మూత వెనక బొమ్మ ఉంటుంది. ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. పోయిన రంగే మళ్లీ వేయాలి. 'మళ్లీ పోకుండా' పసుపుది వేస్తే ఈసారి ఫ్యూజ్ బదులు వైరు కాలుతుంది.

సాకెట్ మీద 120 వాట్లు అని రాసి ఉంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లని అర్థం. టైరు గాలి పంపు ఒక్కటే దాదాపు అంత లాగేస్తుంది. పంపు ఆడేటప్పుడు ఇంజిన్ స్టార్ట్‌లో ఉంచండి, పక్కన ఇంకేమీ పెట్టకండి.

ఎగ్జిట్ 16

డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మల ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. ఎడమ పక్క డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసున్న మూత మీద ఏదీ అతికించొద్దు. ఎయిర్‌బ్యాగ్ సెకనులో చిన్న ముక్కలోపే విచ్చుకుంటది, ఆ మూత మీదున్నది ఏదైనా నేరుగ పక్కసీటోళ్ల మొకానికి వస్తది. దేవుడి బొమ్మ చిన్నది, మెత్తటిది చూసి నడుమ పెట్టుకోండ్రి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లకి మామూలు సీట్ కవర్ కుట్టిచ్చొద్దు, ఆ పక్క చిరిగేటట్టు కుట్టినదే కావాలె.

డిక్కీ డాక్టర్

ఎండాకాలం గురించి ఒక మాట. రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం అద్దాలు మూసి నిలిపిన కారులో పవర్ బ్యాంక్, లైటర్, బాడీ స్ప్రే, శానిటైజర్ వదలొద్దు. పైనున్న కళ్లద్దాల పెట్టెలో లైటర్ దాచేవాళ్లుంటారు, అది ఎండకి బాగా దగ్గర.

నీళ్ల సీసా సీటు మీదో కిందో విసరొద్దు, డోర్ అరలోనే పెట్టాలి. బ్రేక్ వేసినప్పుడు దొర్లి పెడల్ కిందికి చేరితే బ్రేక్ దిగదు. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మందపాటి మ్యాట్ పరచడమూ అలాంటిదే. ఒకటి తీసి, రెండోదాన్ని కొక్కేలకి తగిలించండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి వదిలి, మ్యాట్‌కి తగలట్లేదని చూసుకోండి.

వెనక నలుగురూ, డిక్కీ నిండా సామానూ ఉన్నప్పుడు ముక్కు పైకి లేస్తుంది, హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా ఉన్న చక్రం దానికే. ఒక్కరే ఉంటే 0, బరువు పెరిగేకొద్దీ పై అంకె. చాలామంది అది ఏదో తెలియక జీవితాంతం 0లోనే ఉంచుతారు.

గుంటూరు గేరు

బ్యాటరీ మార్చాక ఒక్క నొక్కుతో అద్దం పైకి రావడం ఆగిపోయిందని సర్వీసుకి పరిగెడతారు. ఆ డోర్ స్విచ్ పైకి లాగి అద్దం పూర్తిగా మూసుకున్నాక కూడా రెండు సెకన్లు అలాగే పట్టుకోండి. చాలా కార్లలో అంతటితో మళ్లీ నేర్చుకుంటుంది. చెయ్యి ఇరుక్కుంటే వెనక్కి దిగే రక్షణ కూడా దీంతో పాటే తిరిగొస్తుంది, కాబట్టి పిల్లలున్న ఇంట్లో వాయిదా వేయొద్దు.

కొత్త ఆర్సీ

కారు బ్యాటరీ పూర్తిగా చచ్చింది, జంపర్ కేబుల్ డిక్కీలో ఉంది, డిక్కీ కరెంటుతో తెరుచుకునే రకం. అప్పుడేం చేయాలి?

డిక్కీ డాక్టర్

మంచి ప్రశ్న. హ్యాచ్‌బ్యాక్, ఎస్‌యూవీల్లో వెనక సీటు మడిచి లోపలికి పాకండి. డిక్కీ తలుపు లోపలివైపు తాళం దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే, అది ఊడదీసి లోపలి మీటను స్క్రూడ్రైవర్‌తో జరిపితే చాలా మోడళ్లలో తెరుచుకుంటుంది. వెనక సీటు మడవని సెడాన్ అయితే ఆ దారి కూడా లేదు. అందుకే కేబుల్ డిక్కీలో కాకుండా ముందు సీటు కింద, దొర్లకుండా సంచిలో కట్టి పెట్టుకోవాలి. బానెట్ మీట చాలా కార్లలో తీగతోనే పనిచేస్తుంది, కరెంటు లేకున్నా తెరుచుకుంటుంది.