ఇంట్లో రంగు వేసిన ఐడా గుడ్డ: ఎన్నిసార్లు జాడించినా నీలం దిగుతూనే ఉంది

ప్రశ్న

నిండు చందమామ ఉన్న రాత్రి ఆకాశాన్ని క్రాస్ స్టిచ్‌లో కుట్టాలనుకుంటున్నాను. ఆకాశమంతా దారంతో నింపే ఓపిక లేక, తెల్లని ఐడా గుడ్డకే (క్రాస్ స్టిచ్ కోసం సమానమైన గళ్ళతో నేసే గుడ్డ) నీలం రంగు వేసుకుని, చందమామనూ చుక్కలనూ మాత్రం కుడితే సరిపోతుందనుకున్నాను. అంగుళానికి 14 గళ్ళుండే నూలు ఐడాను పొట్లంలోంచి తీసింది తీసినట్టే వేడినీళ్ళలో వేసి, అన్ని రకాల బట్టలకూ పనికొస్తుందని రాసి ఉన్న పొడి రంగును ఉప్పుతో కలిపి అరగంట ఉంచాను. రంగు నిలుస్తుందని ఎవరో చెబితే చివర్లో వెనిగర్ నీళ్ళలోనూ ముంచాను.

గుడ్డ మడత ఉన్నచోట పొడవునా తెల్లటి చార పడింది, అక్కడక్కడ పాలిపోయిన మచ్చలూ ఉన్నాయి. అంతకన్నా పెద్ద చిక్కేమిటంటే, ఆరుసార్లు జాడించాక కూడా తడి గుడ్డ మీద తెల్లని నూలుగుడ్డ ముక్క పెట్టి అదిమితే నీలం అంటుతూనే ఉంది. కుట్టు పూర్తయ్యాక ఉతికితే తెల్లదారం గతేమిటి? ఈ గుడ్డను బాగుచేయవచ్చా, లేక కొత్తది తీసుకుని మరో పద్ధతిలో వేయాలా?

మొదటి జవాబు

కుట్టకముందే తెల్లముక్కతో పరీక్షించి మంచిపని చేశారు. నేను ఆ పరీక్ష చేయకుండా నాలుగు నెలలు కుట్టి, ఆఖరి ఉతుకులో తెల్ల కొంగ లేత గులాబీ రంగుకు తిరగడం చూశాను.

చారకూ మచ్చలకూ కారణం గుడ్డకు పట్టించి ఉన్న గంజి. ఐడా బిరుసుగా ఉండేది దానివల్లనే, గంజి మందంగా ఉన్నచోట రంగు లోపలికి పోదు. ముందుగా అంచులకు జిగ్‌జాగ్ కుట్టు వేసి (లేకపోతే పోగులు ఊడిపోతాయి), వేడినీళ్ళలో కొద్దిగా సబ్బుపొడి వేసి ఉతికి, గుడ్డ చేతికి మెత్తగా తగిలేదాకా జాడించాలి.

రంగు దిగడం వేరే సంగతి. అన్ని బట్టలకూ పనికొస్తుందనే పొట్లాలలో సాధారణంగా రెండు జాతుల రంగులు కలిసి ఉంటాయి. ఒకటి ఉన్నికీ నైలాన్‌కూ పట్టేది, అది నూలును పట్టుకోదు గనుక నీళ్ళలో కొట్టుకుపోతుంది. రెండోది నూలుకు పట్టేదే అయినా పోగును అంటిపెట్టుకుని ఉంటుందే తప్ప దానితో రసాయనికంగా కలిసిపోదు, అందుకే ఉతికిన ప్రతిసారీ కొంత వదులుతుంది. వెనిగర్ వల్ల నూలు మీద రంగు నిలవదు, ఆమ్లం అవసరమయ్యేది ఉన్నికీ పట్టుకే.

నూలు ఐడాకు తగినవి ప్రోసియన్ ఎంఎక్స్ వంటి రియాక్టివ్ రంగులు. 1956లో మార్కెట్లోకి వచ్చిన ఈ జాతి రంగు క్షారం సమక్షంలో నూలు పోగుతోనే రసాయనిక బంధం వేసుకుంటుంది. ఆ క్షారం కోసం వాడేది సోడా యాష్, అంటే సోడియం కార్బొనేట్. వంటసోడా అంత బలమైన క్షారం కాదు, దానితో సరిపెట్టుకోకండి. లీటరు నీళ్ళకు సుమారు 50 గ్రాముల సోడా యాష్ కరిగించి, గుడ్డను పావుగంట నానబెట్టి, పిండి, రంగునీళ్ళు పోసి, ప్లాస్టిక్ సంచిలో తడి ఆరకుండా ఒక రోజు వెచ్చని చోట ఉంచాలి. మరిగించే పని లేదు. అల్యూమినియం పాత్ర మాత్రం వద్దు, సోడా యాష్ దాన్ని తినేస్తుంది. పొడిని తూచేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, ఎందుకంటే ఆ ధూళి పీల్చేవారికి కాలక్రమంలో అలర్జీ రావచ్చు. వంటకు వాడే గిన్నెలూ గరిటెలూ దీనికి వాడకూడదు.

జాడించడం దగ్గరే చాలామంది తొందరపడతారు. ఎంత జాగ్రత్తగా వేసినా కొంత రంగు గుడ్డతో కాకుండా నీటితోనే కలిసి చచ్చుబడిపోతుంది, పోగుల మధ్య ఇరుక్కున్న ఆ రంగే తర్వాత తెల్లదారానికి అంటుకునేది. మొదట చల్లనీళ్ళలో సోడా పోయేదాకా జాడించి, ఆపైన చేయి పెట్టలేనంత వేడినీళ్ళలో సబ్బు వేసి నానబెట్టి, నీళ్ళు తేరేదాకా మార్చుతూ ఉండండి. చల్లనీళ్ళతో ఎన్నిసార్లు జాడించినా ఆ మిగులు రంగు సరిగా వదలదు.

ఇప్పుడున్న గుడ్డకు నూలు రంగులను నిలిపే ఫిక్సర్ ద్రావణం పట్టించి చూడవచ్చు. తెల్లదారం ఎక్కువగా ఉన్న నమూనాకు నేనైతే దాన్ని నమ్మను. ముదురు దారాల పనికి దాచుకోండి.

రెండో జవాబు

పైన చెప్పినదంతా సబబే. ఒక్కమాట కలుపుతాను: మీ నమూనా వెడల్పు ఎన్ని గళ్ళో చూసి, తడిపి ఆరిన గుడ్డ మీద మళ్ళీ లెక్కపెట్టారా? వేడినీళ్ళు తగిలిన ఐడా పడుగు వైపు ఒకలా, పేక వైపు ఒకలా ముడుచుకుపోతుంది. నా గుడ్డ ఒకటి 140 గళ్ళకు ఒకవైపు 10 అంగుళాలు వచ్చి, రెండోవైపు తొమ్మిదిన్నరే వచ్చింది. దాని మీద 42 గళ్ళ చందమామ కుడితే ఒకవైపు 3 అంగుళాలు ఉండి, రెండోవైపు సుమారు అంగుళంలో ఏడో వంతు తగ్గి, కోడిగుడ్డులా కనిపిస్తుంది. అందుకే వేడినీళ్ళ ఉతుకంతా అయి గుడ్డ ఆరాకే కొలవాలి, కత్తిరించేటప్పుడే నాలుగువైపులా మూడేసి అంగుళాలు అదనంగా ఉంచుకోవాలి.

ప్రశ్న అడిగినవారు

నా గుడ్డను కొలిచాను, అదీ నిలువున కాస్త తగ్గింది. కొత్త గుడ్డతోనే మొదలుపెడతాను. రంగు ఎంత పడుతుంది? ఆకాశం ఒకే ముద్దగా కాకుండా కొంచెం మబ్బు మబ్బుగా ఉంటే బాగుంటుంది.

మూడో జవాబు

ఎండిన గుడ్డ బరువును బట్టి లెక్క వేయండి. లేతరంగుకు గుడ్డ బరువులో అర శాతం, మధ్యరకానికి 2 శాతం, ముదురుకు 4 శాతం పొడి పడుతుంది. 50 గ్రాముల గుడ్డకు లేత నీలం కావాలంటే పావు గ్రాము చాలు, అంత కొంచెం ఇంటి తక్కెడలో తూగదు కాబట్టి 1 గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి అందులోంచి 25 మిల్లీలీటర్లు తీసుకోండి. సోడా కలవని రంగునీళ్ళను చల్లని చోట వారం దాచవచ్చు, సోడా కలిపాక మాత్రం కొన్ని గంటలలోనే వాడేయాలి.

మబ్బుల కోసం గుడ్డను పెద్ద గిన్నెలో తేలనివ్వకండి. నలిపి, చిన్న డబ్బాలో ఇరికించి, రంగునీళ్ళు గుడ్డ తడిసేంత మాత్రమే పోసి, కదపకుండా వదిలేస్తే ముడతల గుంటల్లో ముదురుగా, గట్ల మీద లేతగా నిలుస్తుంది. నలుపు, బూడిద వంటి కలగలుపు రంగులు ఇలా వేస్తే విడిపోయి అంచుల్లో ఊదా, గులాబీ చాయలు బయటపడతాయి. రాత్రి ఆకాశానికి అది అందమే గానీ, అనుకోకుండా వస్తే ఉలిక్కిపడతారు.

తడిగా ఉన్నప్పుడు కనిపించే నీలాన్ని నమ్మవద్దు, ఆరాక బాగా తేలిపోతుంది. అదే ఐడా ముక్క ఒకటి అగ్గిపెట్టెంత కత్తిరించి ముందు దానికి వేసి, ఇస్త్రీ చేసి, మీరు వాడబోయే తెల్లదారం దాని మీద పెట్టి చూడండి.