మిద్దెతోటకి కొత్తగా వచ్చినవాళ్లు నెలపాటు ప్రశ్నలు అడగకూడదనడం న్యాయమేనా?

రామచంద్రపురం మిద్దె:
తొలకరి పడిందంటే చాలు, మన గోదావరి మిద్దెతోటల బృందంలోకి కొత్తవాళ్లు బిలబిలమంటూ వచ్చేస్తారు. మంచిదే. కానీ వచ్చిన రోజే అవే మూడు ప్రశ్నలు. కడియం నుంచి తెచ్చిన గులాబీ ఎండిపోతోంది, మల్లె పూయడం లేదు, మిరపకి ఆకుముడత. వీటికి జవాబులు ఇంతకుముందే బోలెడున్నాయి. ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు. చెప్పి చెప్పి విసుగొచ్చి, బాగా తెలిసినవాళ్లు ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. అందుకే అడుగుతున్నాను: కొత్తగా చేరినవాళ్లు మొదటి నెల పాత జవాబులు చదువుకోవాలి, ప్రశ్నలు అడగకూడదు అని నియమం పెడదామా? అలాగే విత్తనాల పంపకంలో, తిరిగి ఏదో ఒకటి తెచ్చినవాళ్లకే ఇద్దాం. మొహమాటం లేకుండా చెప్పండి.

ద్రాక్షారామం బీరపాదు:
నెల సంగతి ఎలా ఉన్నా విత్తనాల విషయంలో మీ మాటే నా మాట. నాటు బీర విత్తనం నిలబెట్టడమంటే కాయ ఎండబెట్టి గింజలు దులపడం కాదండి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అంతకుముందే, మొగ్గ పసుపు తిరిగినప్పుడే, ఆడమొగ్గకీ మగమొగ్గకీ దారం కట్టాలి. విచ్చుకునే వేళకి మగపువ్వు తెంపి తెచ్చి ఆడపువ్వుకి రుద్ది, మళ్లీ దారం కట్టేయాలి. కాయకి గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే పక్క మిద్దె మీది హైబ్రిడ్ బీర పుప్పొడిని ఏ పురుగో మోసుకొస్తుంది, వచ్చే ఏడు ఎలాంటి కాయ కాస్తుందో దేవుడికే తెలియాలి. ఇంత కష్టపడి తీసిన గింజలు చేతిలో పెడితే, తీసుకెళ్లి సొరుగులో పడేసి, మరుసటేడు మళ్లీ వచ్చి చెయ్యి చాస్తారు. అలాంటివాళ్లకి ఎందుకివ్వాలి?

మలికిపురం శివారు:
నెల నిషేధం మాత్రం వద్దండి. పాత జవాబులు చదువుకోమంటున్నారు సరే, అవి రాసిందెవరు? సగం హైదరాబాదు వాళ్లే. వాళ్ల మట్టి వేరు, నీళ్లు వేరు. మాది కాలువ చివరి ఊరు. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే గతి, అవేమో ఉప్పన. ఆ నీళ్లు పోస్తే గులాబీ ఆకుల అంచులు మాడి గోధుమరంగులోకి తిరుగుతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. "ఆకులు పాడవుతున్నాయి" అనగానే పాత జవాబుల్లో దొరికేది ఒకటే: మెగ్నీషియం లోపం, ఎప్సమ్ సాల్ట్ వేయండి! మెగ్నీషియం తక్కువైతే ముందు ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపెక్కుతుంది. అంచులు మాడటం వేరే జబ్బు. అసలే ఉప్పెక్కువైన కుండీలో ఇంకో ఉప్పు వేయమంటే ఎలాగండి?

కోకోపీట్, అదే కొబ్బరిపీచు పొట్టు సంగతీ అంతే. మన కోనసీమలోనే చవగ్గా దొరుకుతుంది కదా అని కడగకుండా కలిపేస్తారు. అందులో ఉన్న ఉప్పు కూడా నీళ్ల ఉప్పుకి తోడవుతుంది. నీళ్లు ఎక్కడివి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) ఎంత అని ముందు మనమే కొత్తవాళ్లని అడగాలి. పెన్నులాంటి మీటరుంటుంది, ముంచితే అంకె చూపిస్తుంది. మొక్కలకి 450 లోపు అయితే బెంగ లేదు. 2000 దాటితే ఆ నీళ్లతో గులాబీ పెంచాలనుకోవడం వృథా ప్రయాస, వాన నీళ్లు పట్టుకోవాల్సిందే. ఇవన్నీ అడగకుండా "పాతవి చూసుకో" అంటే, వాళ్లని తప్పుడు మందు దగ్గరికి మనమే పంపినట్టు.

కడియపులంక నర్సరీ:
గులాబీ ప్రశ్నకి జవాబు అమ్మేచోటే చెప్పాలండి. కవరు కోయగానే వేళ్ల చుట్టూ గట్టి ఎర్రమట్టి ముద్ద ఉంటుంది చూశారా, దూరం వెళ్లినా వేళ్లు కదలకుండా ఉండాలని పెట్టేది అది. ఇంటికి తీసుకెళ్లి తేలిక మట్టిలో పెట్టి పైపైన చెంబుడు నీళ్లు పోస్తారు. చుట్టూ తడుస్తుంది, ఎండిన ముద్ద లోపల మాత్రం పొడిగానే ఉంటుంది. కుండీని నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచితే సరిపోతుంది. కొన్నాళ్లు నీడలో పెట్టాలి. అంటు కట్టిన చోటికి కింద చిగురొస్తే మురిసిపోకుండా తుంచెయ్యాలి. ఇదంతా చెప్పాలనే ఉంటుంది. కానీ హైవే పక్కన కారు ఆపి, ఏసీ ఆపకుండా, ఐదు నిమిషాల్లో ఐదు మొక్కలు కొనుక్కుపోయేవాళ్లకి ఎప్పుడు చెబుతాం?

పాలకొల్లు కొత్త సభ్యురాలు:
నియమం వచ్చేశాక నోరెత్తనివ్వరేమో, అందుకే ఇప్పుడే మాట్లాడేస్తున్నాను. మిరపకి ఆకుముడత అని నేనూ అడిగాను. ఒకరు వేపనూనె అన్నారు, ఒకరు పుల్లమజ్జిగ, ఇంకొకరు ఆవుపేడ, మూత్రంతో పులియబెట్టే జీవామృతం. ఒకాయనైతే మొక్క పీకి పారేయమన్నారు, మీ చెయ్యి అంత మంచిది కాదేమో అని కూడా అన్నారు. ఆకు పైకి ముడుచుకుందా, కిందికా అని ఒక్కరూ అడగలేదండి! మా వీధిలో ఒక కౌలు రైతున్నారు. ఆయనొచ్చి ఆకు తిరగేసి చూసి, అంచులు పైకి లేచి దోనెలా అయితే తామరపురుగు, కిందికి వంగితే నల్లి, రెండింటికీ మందు వేరు అన్నారు. ఈ తేడా ఉందనే తెలియనప్పుడు పాత జవాబుల్లో ఏమని వెతకాలి? అన్నట్టు నాది పైముడత.

రామచంద్రపురం మిద్దె:
సరేనమ్మా, నెల నిషేధం తీసేద్దాం. కానీ నా బాధ కూడా వినండి. అన్నం ముందు కూర్చుంటే "అండీ అర్జెంట్" అని ఫొటో వస్తుంది. అదీ మసక మసగ్గా. కాబట్టి ఇకనుంచి ఆకు పైభాగం, అడుగుభాగం ఫొటోలు, నీళ్లు ఎక్కడివి, ఎండ ఎన్ని గంటలు, కుండీ ఎంత, ఇవి లేకపోతే జవాబివ్వం. చెప్పేవాళ్లకీ ఒక షరతు: మీ తోటలో వాడి చూడని మందు ఇంకొకరికి చెప్పకూడదు.

మండపేట కుండీలు:
ఆ రెండో షరతు పెడితే సగం మంది మౌనవ్రతమేనండోయ్.

ద్రాక్షారామం బీరపాదు:
విత్తనాల మాట దాటేస్తున్నారేంటి? నేనైతే ఈసారి కొత్తవాళ్లకి నాలుగేసి బీర గింజలే ఇస్తాను. పాదు ఫొటో పెట్టినవాళ్లకే తర్వాత చిక్కుడు.

మలికిపురం శివారు:
పాదు ఎక్కకపోతే? చిక్కుడు జాతి ఉప్పునీటికి అస్సలు తట్టుకోదని మీకూ తెలుసు, బీరైనా మా బోరు నీళ్లకి ఎంతవరకు లేస్తుందో చెప్పలేం. గింజ వేసినవాడి తప్పు లేకుండానే శివారు ఊళ్లవాళ్లం మీ జాబితాలోంచి జారిపోతాం. మొలక ఫొటో చాలనండి, ఒప్పుకుంటాను. కాయ దాకా అంటే మాత్రం కుదరదు.

ద్రాక్షారామం బీరపాదు:
మొలకలు ఎవరికైనా వస్తాయండి. పూత దాకా తెండి, అప్పుడు చూద్దాం.