చలికాలంలో న్యూట్లు, సాలమాండర్లు: కాలిఫోర్నియా బే ఏరియాలో ఎక్కడ వెతకాలి, ఫోటోలు ఎలా తీయాలి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. ఫ్రీమాంట్‌లో ఉంటాను, ఇన్నాళ్లూ పక్షుల ఫోటోలే తీశాను. ఈ చలికాలం న్యూట్లు (చూడ్డానికి బల్లిలా ఉండే, కప్పలా నేల మీదా నీళ్లలోనూ బతికే సాలమాండర్లలో ఒక రకం) తీయాలని ఉంది. వానలు మొదలయ్యాయి కదా, ఎటు వెళ్తే కనిపిస్తాయి? మాక్రో లెన్స్ (బాగా దగ్గర నుంచి తీసేది) లేకపోతే పని జరగదా? మా అబ్బాయికి ఏడేళ్లు, వాడిని తీసుకెళ్లొచ్చా?

రాళ్లవాగు:
ముందు బర్కిలీ దగ్గర టిల్డెన్ పార్కుకి వెళ్లండి. అక్కడ సౌత్ పార్క్ డ్రైవ్ అనే రోడ్డుని ఏటా నవంబర్ 1 నుంచి మార్చి 31 దాకా కార్లకి మూసేస్తారు, అదీ న్యూట్ల కోసమే. ఎండాకాలమంతా కొండ మీద బొరియల్లో, ఆకుల కింద దాక్కున్నవి వానలు పడగానే జత కట్టి గుడ్లు పెట్టడానికి వాగు వైపు బయల్దేరతాయి, ఆ దారికి అడ్డంగా ఉన్నది ఈ రోడ్డే. నడిచేవాళ్లు వెళ్లొచ్చు. బొటానిక్ గార్డెన్ దగ్గర కారు ఆపుకుని మెల్లగా పైకి నడవండి. రాత్రంతా వాన పడి, తెల్లారాక కూడా మబ్బు వదలని రోజు చూసుకోండి, పొడి రోజున వెళ్తే తిరిగి తిరిగి రావడమే. ఇంకో మాట, చూపు నేల మీదే ఉంచండి, తడి రోడ్డు మీద గోధుమరంగు న్యూట్ ఎండుటాకుల్లో కలిసిపోతుంది.

పద్మ_సన్నీవేల్:
సౌత్ బే వాళ్లకి లెక్సింగ్టన్ రిజర్వాయర్ దగ్గరే. కానీ అక్కడి ఆల్మా బ్రిడ్జ్ రోడ్డు మీద ఏటా వేల న్యూట్లు కార్ల కింద పడి చచ్చిపోతున్నాయి, వాలంటీర్లు 2017 నుంచి లెక్క రాస్తున్నారు. వాన రాత్రి ఫోటోల కోసం ఆ రోడ్డు మీద కారేసుకుని తిరగొద్దని అందరికీ చేతులెత్తి చెప్తున్నా. మనం ఇష్టపడి చూడ్డానికి వెళ్లి మన టైరు కిందే తొక్కితే ఇంక ఏం ఫోటో అది?

పిల్లాడిని తీసుకెళ్లండి, కానీ చేత్తో పట్టుకోనివ్వొద్దు. వీటి చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది, పఫర్ చేపలో ఉండే విషమే. 1979లో ఆరిగాన్‌లో ఒకతను న్యూట్‌ని మింగి చనిపోయాడు. చర్మానికి తగిలినంత మాత్రాన ఏమీ కాదు, కానీ ఆ చెయ్యి నోట్లోకో కంట్లోకో వెళ్లకూడదు. అంతకంటే ముఖ్యంగా, మన చేతికున్న శానిటైజర్, సన్‌స్క్రీన్ దాని చర్మానికి మంచిది కాదు, ఎందుకంటే ఆ పల్చటి చర్మంలోంచే అది నీళ్లు, గాలి తీసుకుంటుంది.

వేపచెట్టు:
లెన్స్ సంగతి నేను చెప్తా. న్యూట్ అరచెయ్యంత ఉంటుంది, నిదానంగా నడుస్తుంది, కాబట్టి ఫోన్‌తో కూడా మంచి ఫోటో వస్తుంది. కెమెరా నేలకి ఆనించి, అది నడిచే దారిలో నాలుగడుగుల ముందు పడుకుని ఎదురుచూడండి. వెంటపడితే వచ్చేవన్నీ తోక ఫోటోలే. కంటి ఎత్తులో తీస్తే వెనకాల అడవంతా మసకగా వస్తుంది, పైనుంచి తీస్తే రోడ్డు తప్ప ఏమీ రాదు. మాక్రో ఉంటే 100 ఎంఎం చక్కగా సరిపోతుంది.

అసలు తలనొప్పి తడి చర్మం మీద మెరుపు. ఫ్లాష్ నేరుగా కొడితే ఒళ్లంతా తెల్లటి చుక్కలు పడతాయి. ఫ్లాష్ ముందు వెడల్పాటి డిఫ్యూజర్ (వెలుతురుని మెత్తగా చేసే తెర) పెట్టండి, లేకపోతే మబ్బు వెలుతురులోనే పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) తిప్పి చూడండి, ఆ నారింజ రంగు పొట్ట ఎంత బాగా వస్తుందో. హీటర్ వేసిన కార్లోంచి కెమెరా తీయగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, బ్యాగుని ముందు నుంచే డిక్కీలో పెట్టుకుంటే ఆ బాధ ఉండదు.

రాళ్లవాగు:
@వేపచెట్టు పొట్ట అన్నారు కాబట్టి చెప్తున్నా. తలా తోకా పైకి లేపి నారింజ పొట్ట చూపిస్తున్న న్యూట్ ఫోటోలు నెట్‌లో చాలా ఉంటాయి. అది పోజు కాదు, భయపడినప్పుడు ‘నేను విషం, నన్ను వదిలెయ్’ అని చెప్పడం. ఆ ఫోటో కోసం పుల్లతో గుచ్చేవాళ్లని చూశాను, దయచేసి అలా చేయొద్దు. దానికి నీళ్లు చేరడమే పెద్ద పని.

గోదారిగట్టు:
నేను కొంచెం వేరుగా చెప్తా. న్యూట్లు బయట తిరుగుతాయి సరే, ఎన్సాటినా, స్లెండర్ సాలమాండర్ లాంటివి కావాలంటే చెక్కలు, రాళ్లు ఎత్తి చూడాల్సిందే కదండీ. మా దగ్గర ఎన్సాటినా అంటే పసుపు కళ్లది, పొట్ట నారింజ, అచ్చం న్యూట్‌లాగే కనిపిస్తుంది, విషమున్న న్యూట్ వేషం వేసుకుని బతుకుతుందని అంటారు. తోక మొదట్లో నొక్కినట్టు సన్నగా ఉంటే అది ఎన్సాటినా.

పద్మ_సన్నీవేల్:
@గోదారిగట్టు పార్కుల్లో వద్దన్నా. వాటి చోటు కదపడం అక్కడి నిబంధనలకే విరుద్ధం, పైగా ఒక దుంగ కింద తేమ అలా పట్టడానికి ఏళ్లు పడుతుంది, ఎత్తి వంకరగా పెట్టామంటే సందులోంచి గాలి పోయి మొత్తం ఎండిపోతుంది. ఎన్సాటినాకి, స్లెండర్‌కి ఊపిరితిత్తులే లేవు, చర్మం ఎండిందంటే ఊపిరి ఆగినట్టే. ఇంట్లో పూలకుండీలు ఎత్తి చూడండి, స్లెండర్ సాలమాండర్లు పెరట్లోనే ఉంటాయి, వానపాములా సన్నగా, కాళ్లు వెతికితే గానీ కనపడవు. కుండీని మళ్లీ దించేటప్పుడు సాలమాండర్‌ని ముందు పక్కకి జరగనివ్వండి. ఎన్సాటినా అయితే వాన రాత్రి తనే బయటికొస్తుంది, టార్చ్ వేసుకుని దారి పక్కన నడిస్తే చాలు. పార్క్ మూసే టైమ్ మాత్రం చూసుకుని వెళ్లండి.

గోదారిగట్టు:
సరే అండి, ఊపిరితిత్తుల సంగతి విన్నాక ఇంక ఎత్తబుద్ధి కావడం లేదు. రాత్రి నడకే చేస్తా.

చార్లెట్_రమణ:
నార్త్ కరోలినా నుంచి. ఇక్కడ కథే వేరు. మార్బుల్డ్ సాలమాండర్ (2013 నుంచి మా రాష్ట్ర సాలమాండర్) ఆకురాలే కాలంలోనే ఎండిన గుంటలో గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని పడుకుంటుంది. వానకి గుంట నిండాకే గుడ్లు పొదుగుతాయి. స్పాటెడ్ సాలమాండర్లు చలికాలం చివర వెచ్చటి వాన పడ్డ రాత్రి గుంపులుగా కదులుతాయి, ఆ రాత్రి తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. దాని గుడ్ల ముద్ద కొన్నిసార్లు ఆకుపచ్చగా కనపడుతుంది, లోపల ఒక రకం నాచు పెరుగుతుంది, పిండం కణాల్లోకి కూడా వెళ్తుంది. నీళ్లలో దిగకుండా ఒడ్డు నుంచే పోలరైజర్‌తో తీయొచ్చు.

ఒక గుంట నుంచి ఇంకో గుంటకి వెళ్లే ముందు బూట్లు కడిగి ఆరబెట్టండి. బీసాల్ అనే ఫంగస్ నెదర్లాండ్స్‌లో ఫైర్ సాలమాండర్లని దాదాపు తుడిచిపెట్టింది, అది రాకూడదనే 2016లో అమెరికా 201 జాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపింది.

విశాఖ_సాగర్:
నేను వైజాగ్‌లో ఉంటాను. ఇవి మన దగ్గర దొరుకుతాయా? ఈ డిసెంబర్‌లో ఎటైనా వెళ్దామనుకుంటున్నా.

రాళ్లవాగు:
@విశాఖ_సాగర్ ఆంధ్రాలో, తెలంగాణలో లేవు తమ్ముడూ. మన దేశంలో డార్జిలింగ్ కొండల వైపు, ఈశాన్య రాష్ట్రాల్లో టైలోటోట్రైటన్ అనే రకం న్యూట్ ఉంది, జోర్‌పోఖ్రీ అనే చిన్న అభయారణ్యం వీటికి పేరు. కానీ అక్కడ లెక్క తిరగబడుతుంది, అవి గుంటల్లోకి దిగేది వానాకాలంలో, చలికాలంలో రాళ్ల కింద దాక్కుంటాయి. కాబట్టి డిసెంబర్ టికెట్ వద్దు.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థాంక్స్. ఒక్క డౌట్, ఫోటోలో ఉన్నది కాలిఫోర్నియా న్యూటా, రఫ్ స్కిన్డ్ న్యూటా ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు:
పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి తీసి పెట్టుకోండి. పైనుంచి చూస్తే కాలిఫోర్నియా న్యూట్ కళ్లు తల అంచు దాకా వస్తాయి, కింది రెప్ప లేత రంగు. రఫ్ స్కిన్డ్‌కి కళ్లు చిన్నవి, కింది రెప్ప ముదురు. జత కట్టే కాలంలో మగవాటి చర్మం నున్నగా అయిపోతుంది, అందుకని గరుకు చూసి చెప్పకండి. ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవుల ఫోటోలు, చోటు నమోదు చేసే సైట్) పెట్టేటప్పుడు, టైగర్ సాలమాండర్ లాంటి అరుదైనది దొరికితే మాత్రం ఖచ్చితమైన చోటు దాచిపెట్టి పెట్టండి.