సమస్యాపూరణం: "పారిపోవువాఁడె పగర గెలిచె"

పద్యాలపందిరి (నిర్వహణ)

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఇది ('పగర' అంటే శత్రువులను):

*పారిపోవువాఁడె పగర గెలిచె*

ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే: పారి, పోవు, వాఁడె, పగర, గెలిచె. యతి పా–ప. పాత లెక్కన 'పాఱి' అని శకటరేఫ రాయాలి. రాయగలిగినవాళ్ళు రాయండి, లేకపోయినా తప్పు పట్టను.

ఈసారి ఒక నియమం పెడుతున్నాను. పూరణ 'వార్ థండర్' అనే ఆన్‌లైన్ యుద్ధం ఆటలో మనం నడిపే సెంటారో బండి గురించి ఉండాలి. ఇక్కడ సగం మంది రాత్రి పదింటిదాకా పద్యం రాసి, పదిన్నరకి ఆటలో కూర్చుంటారని నాకు తెలుసు. ఆ రెండూ ఒకచోట కలవాలని చాలాకాలంగా కోరిక.

ఎరగనివాళ్ళ కోసం నాలుగు మాటలు. సెంటారో ఇటలీ సైన్యం కోసం ఇవెకో, ఓటో మెలారా కలిసి తయారుచేసిన ఎనిమిది చక్రాల బండి. 1991 నుంచి వాళ్ళ సైన్యానికి 400 అందాయి. 105 మి.మీ. గన్, 520 హార్స్‌పవర్ ఇంజను, బరువు సుమారు పాతిక టన్నులు, రోడ్డు మీద గంటకి 100 కి.మీ. పైచిలుకు వేగం. ట్యాంకును కొట్టే గన్ ఉంది గానీ ట్యాంకు కవచం లేదు. ఇటలీ పటం చూడండి, సముద్రంలోకి చాచిన కాలు. ఏ ఒడ్డున శత్రువు దిగినా రోడ్డు పట్టుకుని గంటల్లో అక్కడికి చేరాలి. చైన్ల మీద నడిచే ట్యాంకును ట్రైలరెక్కించి పంపే తీరిక ఉండదు. ఆ అవసరంలోంచి పుట్టిన బండి ఇది.

ముడి ఎక్కడుందో గమనించండి. మనవాళ్ళకి పారిపోవడమంటే పిరికితనం, వెన్ను చూపడం. అలాంటివాడు గెలిచాడంటే ఎలా? ఊరికే వేగాన్ని పొగిడితే ఈ ముడి విడదు.

రాత్రిడ్యూటీ

గురువుగారూ, తొలి పూరణ నాది.

కొండచాటునుండి గుండొక్కటే వేసి
పొగలు తొలగులోన పోయె మరలి
యున్నచోటె నిలిచి యొరిగె శత్రువు చూడు
పారిపోవువాఁడె పగర గెలిచె

నేను ఆడే పద్ధతే రాశాను. కొండ అంచు దాటి గన్ ఒక్కటే బయటికి కనపడేలా ఆగుతాను, ఒక షెల్ వేస్తాను. తగిలిందా లేదా అని చూస్తూ కూర్చోను. లోడర్ ఇంకో షెల్ ఎక్కించడానికి ఆరేడు సెకన్లు పడుతుంది. ఆ ఆరేడు సెకన్లూ అక్కడే ఉంటే మనం వాడికి బొమ్మలా దొరుకుతాం.

కమ్మెచ్చు

రాత్రిడ్యూటీ గారూ, గణాలన్నీ సరిపోయాయి. యతులు కొ–గు, పొ–పో, యు–యొ, మూడూ నిర్దుష్టం. 'మరలి యున్న' అని యడాగమం చేయడం బాగుంది. క్త్వార్థక ఇకారానికి సంధి లేదని మరిచిపోయి 'మరలున్న' అని రాసేవాళ్ళు చాలామంది.

పద్యంలో నాకు నచ్చింది మూడో పాదం. పారిపోయినవాడి గొప్ప చెప్పకుండా, నిలిచినవాడు ఏమయ్యాడో చెప్పారు. ముడి అక్కడే విడిపోయింది.

ఒక్క సందేహం. 'పోయె మరలి'లో ఎవరు పోయారో లేదు. నాలుగో పాదందాకా ఆగితే గానీ కర్త దొరకడు. దోషం అనను, చదివేవాడికి కొంచెం ఊపిరాడదు, అంతే.

నల్లరేగడి

చక్రమెనిమిదున్న సన్నని తోలుది
నిలిచి పోరు సలుప నేరదయ్య
దారి ముందు చూచి దాగి కొట్టినఁ జాలు
పారిపోవువాఁడె పగర గెలిచె

'దారి ముందు చూచి' అన్న ముక్క కోసమే ఈ పద్యం రాశాను. కొత్తగా ఈ బండి కొన్నవాళ్ళు శత్రువు ఎక్కడున్నాడో వెతుకుతారు. నేను ముందు బయటపడే దారి వెతుకుతాను. బండి ముక్కు ఆ దారి వైపు పెట్టి, టరెట్ (గన్ ఉండే, తిరిగే పైభాగం) మాత్రం పక్కకి తిప్పి శత్రువు వైపు ఉంచుతాను. షెల్ వేశాక వెనక్కి రావాలన్న తిప్పలు లేవు. ఎదురుగా ఉన్న దారినే యాక్సిలరేటర్ నొక్కి వెళ్ళిపోవడమే. గేర్ మార్చి రివర్స్‌లో వచ్చేలోపు 30 మి.మీ. ఆటోగన్ వాడు మన పక్క తోలు జల్లెడ చేసేస్తాడు.

కమ్మెచ్చు

నల్లరేగడి అన్నా, మూడో పాదం ఈ దారంలో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అన్నిటికంటే ఆటకు దగ్గరగా ఉంది. 'కొట్టినఁ జాలు' సరళాదేశం కూడా చక్కగా పడింది.

కానీ లింగం కలవలేదు. 'తోలుది', 'నేరదు' అంటే బండి. నాలుగో పాదంలో 'వాఁడె' అంటే మనిషి. మధ్యలో బండి మాయమై మనిషి ఎక్కడినుంచి వచ్చాడు? ఇలా మారిస్తే మొదటినుంచీ మనిషే ఉంటాడు:

చక్రమెనిమిదున్న సన్నని తోలుతో
నిలిచి పోరు సలుప నేరఁడయ్య

'తోలుతో' రగణం, ఇంద్రగణమే కాబట్టి గణం చెడదు. 'నేరఁ–డయ్య' రెండూ గలాలు. యతి ని–నే అలాగే ఉంటుంది.

నల్లరేగడి

ఒప్పుకున్నాను. బండి నడుపుతూ నడుపుతూ నేనూ బండీ ఒకటే అనుకున్నాను. మీ సవరణే ఖాయం చేస్తున్నాను.

గోదారిగట్టు

సెంటారో అంటే గ్రీకు కథల్లో నడుం పైన మనిషి, కింద గుర్రం. మన కిన్నరులకి గుర్రం తల, మనిషి ఒళ్ళు అంటారు. ఇది దానికి తిరగేసిన రూపం. ఆ పేరు మీద రాశాను.

మనిషి మేను పైన మావు క్రిందను గల
పేరు పెట్టినారు వెరవుతోడ
కాళ్ళె దాని బలము కవచమేపాటిది
పారిపోవువాఁడె పగర గెలిచె

కమ్మెచ్చు

మూడో పాదానికి చప్పట్లు. 'కాళ్ళె దాని బలము కవచమేపాటిది' అన్నది విడిగా చదివినా నిలబడుతుంది. 'మావు' అన్న తెలుగు మాట వాడినందుకు ఇంకా సంతోషం. గుర్రానికి ఆ మాట ఉందని ఈ తరంలో ఎందరికి తెలుసు?

రెండో పాదం మాత్రం ఒప్పుకోలేను. పైన మనిషి, కింద గుర్రం ఉన్నది పేరుకి కాదు, ఆ జీవికి. 'మేను గల పేరు' అంటే అన్వయం కుదరదు. ఇలా చూడండి:

దాని పేరు నొసఁగఁ దగియె బండి

దా–ద యతి. 'నొసఁగఁ' నగణం, 'దగియె' నగణం. ఇప్పుడు బండి కూడా పద్యంలోకి వచ్చింది. అది లేకుండా కాళ్ళు ఎవరివో తెలియడం లేదు.

పద్యాలపందిరి

సవరణ బాగుంది. ఆ పేరులో ఇంకో న్యాయం కూడా ఉంది. పాతకాలపు ఆశ్వికదళం పని ఏమిటి? ముందు వెళ్ళి చూడడం, వేగంగా దెబ్బ కొట్టడం, చుట్టుముట్టేలోపు తప్పుకోవడం. ఇటలీ ఈ బండ్లను తన ఆశ్వికదళ రెజిమెంట్లకే ఇచ్చింది. 1990ల మొదట్లో సోమాలియా వెళ్ళినప్పుడు వీటి తోలు చాలదని పైన అదనపు కవచం తగిలించారు కూడా. గుర్రాన్ని ఏనుగు పనికి పెడితే అలాగే అవుతుంది.

కొత్తకలం

అందరికీ నమస్కారం అండీ. పద్యం రాయడం ఇదే మొదటిసారి. బండి కొని కూడా రెండు వారాలే అయింది. తప్పులుంటే చెప్పండి.

బురదలోకి దిగితె బండి కదలదాయె
చుట్టు తిరుగలేదు చోటునందె
తారురోడ్డు మీద తప్పుకొన్నప్పుడే
పారిపోవువాఁడె పగర గెలిచె

కర్స్క్ మ్యాపులో జరిగిందే రాశాను. అడ్డదారి అని పొలాల్లోకి దిగాను. రోడ్డు మీద ఎగిరిన బండి అక్కడ ఈడ్చుకుంటూ నడిచింది. ఎదురుగా టీ-72 ట్యాంకు కనపడగానే వెనక్కి తిరుగుదామనుకున్నాను. చైన్ల ట్యాంకులాగా నిలబడ్డచోటే గిర్రున తిరుగుతుందనుకున్నాను, తిరగలేదు. పెద్ద చుట్టు కొట్టాల్సి వచ్చింది. సగం తిరిగేసరికి నా పక్క మొత్తం వాడికి కనపడింది. చాలా టెన్షన్ పడ్డాను, అంతలోనే అయిపోయింది.

కమ్మెచ్చు

తమ్ముడూ, స్వాగతం. మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయి. 'బండిక' భగణం, 'దలదాయె' సలం, లెక్క తప్పలేదు. నా మొదటి పద్యంలో రెండు పాదాలకి గణాలే లేవు.

యతి దగ్గర మాత్రం జారావు. మొదటి పాదంలో బు–బ. హల్లు ఒకటే కదా అనిపిస్తుంది, కానీ అచ్చు కూడా కలవాలి. ఉకారానికి ఉ, ఊ, ఒ, ఓ చుట్టాలు. అకారం కాదు. 'దిగితె' కూడా మాటల్లో బాగుంటుంది గానీ పక్కన 'తప్పుకొన్నప్పుడే' లాంటి మాట ఉన్నప్పుడు అతకదు. ఇలా చూడు:

బురదలోకి దిగినఁ బోలేదు ముందుకు

బు–బో. ఇప్పుడు యతి పడింది. 'రోడ్డు' అన్యదేశ్యమని ఎవరైనా అంటే పట్టించుకోకు. తారురోడ్డుకి తెలుగులో తారురోడ్డే మాట.

రెండో పాదం నీ దెబ్బలోంచి వచ్చింది, అందుకే అంత సూటిగా ఉంది. దాన్ని ముట్టుకోను.

నల్లరేగడి

ఆట సంగతి నేను చెప్తాను తమ్ముడూ. మ్యాచ్ మొదలవగానే మ్యాపు తెరిచి రోడ్లు చూసుకో. మొదటి నిమిషంలో నీకంటే ముందు మ్యాపులో సగం దాటేవాళ్ళు తక్కువ. చైన్ల ట్యాంకులు ఇంకా దారిలో ఉండగానే నువ్వు వాళ్ళ పక్కకి చేరిపోతావు. వాళ్ళ ముందువైపు కవచంతో నీకు పని లేదు, పక్కే కనపడుతుంది. పొలంలోకి దిగావంటే ఆ నిమిషం నీ చేతుల్లోంచి పోయినట్టే.

ఆశ్వీజం

సమస్య చూడగానే నాకు ఆట గుర్తు రాలేదు, కృష్ణుడు గుర్తొచ్చాడు. నియమం తప్పినా రాయకుండా ఉండలేకపోయాను.

కాలయవనుఁడెంత గద్దించి తరిమినన్
గుహకుఁ బరువులెత్తి కూల్చె హరియె
చూపె నిప్పు గాఁగ సుప్తుఁడున్నది చూచి
పారిపోవువాఁడె పగర గెలిచె

గుహలో నిద్రపోతున్నవాడు ముచుకుందుడు. లేపినవాడు అతని చూపుకే భస్మమైపోతాడని వరం. కృష్ణుడు ఊరికే పరుగెత్తలేదు, ఎటు పరుగెత్తాలో చూసుకుని పరుగెత్తాడు. ఆటలో మేం ముగ్గురం స్నేహితురాళ్ళం కలిసి ఆడతాం. నేను సెంటారోలో వెళ్ళి శత్రువుకి ఒకసారి కనపడి, ఒక షెల్ వేసి సందులోకి తప్పుకుంటాను. వాడు కోపంగా తరుముకొస్తాడు. సందు చివర మా వాళ్ళు ఇంజను ఆపేసి, గన్ గురిపెట్టి కూర్చుని ఉంటారు. వాడు మలుపు తిరిగాక ఇక మాట్లాడేదేం ఉండదు.

కమ్మెచ్చు

అక్కా, చూ–సు యతికి చ-స మైత్రి. 'గుహకుఁ బరువులెత్తి'లో సరళాదేశం. ఎక్కడా పట్టుకోవడానికి ఏమీ లేదు. 'సుప్తుఁడున్నది చూచి' దగ్గర రెండుసార్లు ఆగి చదివాను. ఆ 'చూచి'తో పారిపోవడం భయం కాక ఎత్తుగడ అయింది. మా అందరి పద్యాల్లోనూ పారిపోయేవాడు తనను తాను కాపాడుకుంటున్నాడు. మీ పద్యంలో శత్రువును మోసుకుపోతున్నాడు.

పద్యాలపందిరి

పద్యంలో బండి లేదు కాబట్టి నియమం ప్రకారం దీన్ని పోటీలో లెక్కించలేను. కానీ ఈ వారం నేను నలుగురికి చదివి వినిపించింది ఈ పద్యమే. పెట్టిన నియమం మంచి పద్యానికి అడ్డొచ్చినప్పుడు బాధగానే ఉంటుంది.

కొత్తకలం

నిన్న రాత్రి నల్లరేగడి అన్న చెప్పినట్టే ఆడాను. ఫుల్డా మ్యాపు. రోడ్డు పట్టుకుని ముందే చేరి, ముక్కు దారి వైపు పెట్టి ఆగాను. మొదటి షెల్‌కే ఒకటి పోయింది. వెంటనే వెళ్ళిపోవాలి. కానీ పక్కన ఇంకో ట్యాంకు పొగ గొట్టం కనపడింది. ఇంకొక్కటే అనుకున్నాను. రీలోడ్ గుర్తు నిండుతూ ఉంది, నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. నిండకముందే నా బండి పేలింది. తరవాతి మ్యాచ్‌లో ఒక్కో షెల్‌కి ఒక్కో చోటు మారాను, చివరిదాకా బతికాను, మా జట్టు గెలిచింది. లేచి కూర్చుని ఇది రాశాను:

ఒకటి కొట్టి మరల నొకటికి నాశించి
నిలిచి కూలినాఁడ నిన్న రాత్రి
యాశ వదలి వెడలునంతలో జయమాయె
పారిపోవువాఁడె పగర గెలిచె

కమ్మెచ్చు

తమ్ముడూ, 'మరల నొకటికి' దగ్గర ద్రుతం మీద అచ్చుకే యతి చూసుకున్నావు, ఒ–ఒ. 'వెడలునంతలో' దగ్గర కూడా అంతే. వారం కింద బు–బ రాసినవాడివేనా నువ్వు?

'జయమాయె' కొంచెం తొందరగా వచ్చింది. రెండు మ్యాచ్‌ల మధ్య ఎడం పద్యంలో కనపడదు. మొదటిసారి చదివితే కూలినవాడే వెంటనే గెలిచినట్టుంది. దానికి సవరణ నేను చెప్పను, నువ్వే వెతుకు. నీకు దొరుకుతుంది.

ఆశ్వీజం

కొత్తకలం, ఈ రాత్రి పదిన్నరకి ఆటలోకి రా. సందు చివర నేను ఇంజను ఆపి కూర్చుంటాను. నువ్వు ఒక షెల్ వేసి వాణ్ణి లాక్కురా.