అప్‌డేట్: నాన్న కోపం, నిద్రలేమి గురించి అడిగాను కదా

గ్లియోబ్లాస్టోమా (మెదడులో వచ్చే క్యాన్సర్ కణితి) ఆపరేషన్ తర్వాత నాన్న నిద్రపోవడం లేదని, అమ్మ మీద ఊరికే అరుస్తున్నారని, మీ ఇళ్లలో ఎలా నెట్టుకొచ్చారో చెప్పమని అడిగాను. జవాబిచ్చిన అందరికీ దండాలు.

చాలామంది ముందు మందుల చీటీ చూడమన్నారు. చూస్తే, మెదడు వాపుకు ఇచ్చే స్టెరాయిడ్, డెక్సామెథాసోన్, రెండో డోసు రాత్రిపూట పడుతోంది. అలా పడితే నిద్ర పట్టదట. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ వల్ల కూడా కొందరికి చిరాకు పెరుగుతుందట. అన్నీ కాగితం మీద రాసుకెళ్లి డాక్టరు గారికి చెప్పాం. రెండో డోసు మధ్యాహ్నానికి మార్చారు, స్టెరాయిడ్ మెల్లగా తగ్గిస్తున్నారు. మనంతట మనం ఒక్కసారిగా ఆపేయకూడదని గట్టిగా చెప్పారు. షుగర్ కూడా చూస్తున్నారు. నాన్న ఇప్పుడు కాస్త నిద్రపోతున్నారు. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. కణితి ఫ్రంటల్ లోబ్‌లో, అంటే ప్రవర్తనను అదుపులో ఉంచే మెదడు ముందు భాగంలో, ఉంది కాబట్టి కొంత దానివల్ల కూడా కావచ్చన్నారు.

అసలు మార్పు అమ్మలో వచ్చింది. మీలో ఒకావిడ, భర్తకు ఇదే జబ్బు, అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. "మా ఆయనా గిన్నె విసిరారు వదినా, జబ్బు అలా చేయిస్తుంది" అన్నారట. అమ్మ చాలాసేపు ఏడ్చింది, ఆ తర్వాత అన్నం తింది. పిల్లలం మేమెంత చెప్పినా ఎక్కని మాట అది.

వచ్చే వారం నుంచి రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మందు మొదలు, ఆరు వారాలు. వాంతులు రాకుండా మీరేం జాగ్రత్తలు తీసుకున్నారో చెప్పండి.