నీడల మీద నడిచే ఆట: పాత్ర జారిపోతోంది, సలహా కావాలి

నేనొక్కడినే ఒక చిన్న 2డి వీడియో గేమ్ తయారు చేస్తున్నాను. దీపాన్ని జరిపితే వస్తువుల నీడలు సాగుతాయి, కుంచించుకుపోతాయి. ఆ నీడలే పాత్రకు మెట్లు. గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఒకే గది, బూడిదరంగు పెట్టెలతో నమూనా కట్టాను. బొమ్మలు, సంగీతం జోలికి ఇంకా పోలేదు. ముందు ఆడబుద్ధి కావాలి కదా!

చిక్కల్లా ఇది: దీపం కదిలిన ప్రతిసారీ నీడ ఆకారాన్ని లెక్కగట్టి కొలిజన్ పాలిగాన్‌ను (పాత్ర దేన్ని తాకి ఆగాలో ఇంజిన్‌కు చెప్పే కనిపించని ఆకారం) మారుస్తున్నాను. నెమ్మదిగా జరిపితే ఫర్వాలేదు. విసురుగా లాగితే పాత్ర వణుకుతుంది, లేదా నీడలోంచి కిందికి జారిపోతుంది. ఆ మార్పును కదలికల, తాకిళ్ల లెక్కల కోసం సెకనుకు 60 సార్లు నడిచే ఫిజిక్స్ ఫంక్షన్‌లోకి తెచ్చాక వణుకు తగ్గింది, జారడం మాత్రం ఆగలేదు. ఆకారం ఉన్నట్టుండి మారడంతో దాని వేగం ఇంజిన్‌కు అందడం లేదని నా అనుమానం.

పాదాల కింద నీడ అంచు ఎత్తును నేనే లెక్కించి పాత్రను అక్కడ నిలబెట్టడం మేలా? లేక దీపం వేగానికే హద్దు పెట్టాలా? రెండోది చేస్తే ఆటలో మజా పోతుందేమోనని నా బెంగ. ఇలాంటిది చేసి చూసినవారు ఉంటే దయచేసి చెప్పండి.