అప్‌డేట్: మా అన్న కళ్ల మంట సంగతి

మొన్న అడిగాను కదా, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు) వాడుతున్న మా అన్నకి కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర, ఎరుపు, ఇది మందుల వల్లేనా అని. కంటి డాక్టర్‌కి హెచ్‌ఐవీ సంగతి దాచొద్దని మీలో చాలామంది అన్నారు. చెప్పాం. నల్గొండలో చూసి హైదరాబాద్‌ పంపారు.

కింది రెప్పలో సన్నటి కాగితం పట్టీ పెట్టి 5 నిమిషాలు ఉంచారు. తడి 4 మిల్లీమీటర్లే పాకింది, మామూలుగా 10 దాటాలట. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకి కళ్లు పొడిబారడం కొత్తేం కాదన్నారు. పైగా అన్న పని మిర్యాలగూడ రైస్‌మిల్లులో, దుమ్ముకి కొదవేముంది! ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రాశారు.

అసలు టెన్షన్ వేరే. నల్లగుడ్డు అంచున తెల్లటి చిన్న బొడిపె కనిపించింది. మిల్లులో అందరూ కండ పెరిగిందన్నారు. డాక్టర్ మాత్రం హెచ్‌ఐవీ ఉంటే కంటి పైపొరలో క్యాన్సర్ ముప్పు ఎక్కువని, చిన్న వయసులోనూ రావచ్చని చెప్పి, ఆ బొడిపె తీసి బయాప్సీకి (ముక్క పరీక్షకి) పంపారు. రిపోర్టులో క్యాన్సర్‌కి ముందు దశ అని వచ్చింది. తీసిన ముక్క అంచులు శుభ్రంగానే ఉన్నాయట, అంటే అంచుల్లో ఆ చెడ్డ కణాలు కనిపించలేదు. మళ్లీ రావచ్చు కాబట్టి చెకప్‌లు తప్పవు.

ఏఆర్‌టీ ఒక్కపూట కూడా ఆపొద్దన్నారు. ఎవరో ఇక్కడ స్టెరాయిడ్ చుక్కల పేరు రాశారు. దయచేసి సొంతంగా వాడకండి, కంట్లో హెర్పిస్ వైరస్ వల్ల పుండు ఉంటే అవి చూపుకే ఎసరు పెడతాయి.

పని దగ్గర తెలుస్తుందేమోనని అన్న భయం. 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పాక కాస్త కుదుటపడ్డాడు.